నేల సత్రానిది, ఇల్లు మాది

ఆ ఇల్లు చూడడానికి మొదటిసారి వెళ్ళిన రోజు నా చేతిలో మూడు వస్తువులు ఉన్నాయి: బట్ట కొలిచే టేపు, ఒక జడపిన్ను, ఒక చెంబు. టేపు గదులు కొలవడానికి. జడపిన్ను తలుపు చట్రాల అడుగున గుచ్చి చూడడానికి. చెద తిన్న కొయ్య అయితే పిన్ను అడ్డు లేకుండా దిగిపోతుంది. చెంబు మిద్దె మీద నీళ్ళు పోసి అవి ఎటు పారతాయో, ఎక్కడ నిలుస్తాయో చూడడానికి. ఇల్లు అమ్మే అవ్వ వాకిట్లో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

“ఏం కణ్ణు, ఇల్లు కొనేదానికి వచ్చినావా, పెండ్లికూతుర్ని చూసేదానికి వచ్చినావా?”

“పెండ్లికూతురికైతే వయసు దాస్తారవ్వా. ఇంటికి దాచలేరు.”

“దీనికి అరవై నిండతా ఉండాది. దాచేదేముండాది?” అంటూ ఆమె మిద్దె మెట్లు చూపించింది.

అది హేవిళంబి సంవత్సరం, అరవ లెక్కలో మాసి నెల. నాకు ఇరవై ఆరేళ్ళు. మా ఆయన కోయంబత్తూరులో ఒక నూలు మిల్లు గిడ్డంగిలో గుమాస్తా. తొమ్మిదేళ్ళుగా మిల్లు వాళ్ళ లైను ఇంట్లో ఉంటున్నాం. ఒక గది, ఒక వరండా. అందులో మేమిద్దరం, ఇద్దరు ఆడపిల్లలు, మా అత్త. కొత్త షెడ్డు కట్టాలని మిల్లు వాళ్ళు మా వరుస మొత్తం పడగొడుతున్నారు. చిత్తిరై నెల ముగిసేలోపు ఖాళీ చేయమన్నారు. అద్దె ఇళ్ళు తిరిగి తిరిగి కాళ్ళు పీకాక, మిల్లు సంగు, అంటే సైరను, వినబడేంత దూరంలో ఈ పాత ఇల్లు మాకు అందే ధరకు దొరికింది.

ఇంటిని నేను మూడుసార్లు చూశాను. ఉదయం ఒకసారి, మిట్టమధ్యాహ్నం బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలియడానికి ఒకసారి, వాన పడిన మరునాడు గోడలు చూడడానికి ఒకసారి. నడిమి గది పద్దెనిమిదిన్నర అడుగులు. దూలాలు ఆరు, ఆరూ టేకు. జడపిన్ను దిగింది పెరటి తలుపు చట్రంలో ఒక్కచోటే. తూర్పు గోడ పక్కింటితో ఉమ్మడి, బావి కూడా సగం సగం. పక్కింటావిడను కనుక్కుంటే, చేద ఎవరు కొనాలన్న దాని మీద తప్ప ఎప్పుడూ గొడవ రాలేదని చెప్పింది. ఇలాంటివన్నీ ముందే అడగాలి. గృహప్రవేశం అయ్యాక అడిగితే అది పోట్లాట అవుతుంది.

అన్నిటికన్నా ముందు అడగవలసింది నేల సంగతి. గోడలు, కప్పు, తలుపులు అవ్వవి. వాటి కింది నేల మదురలోని ఒక సత్రానిది. అరవంలో అడిమనె అంటారు. అవ్వ మామగారు ఆ నేలను సత్రం దగ్గర ఒక చక్రానికి, అంటే అరవై ఏళ్ళకు, గుత్తకు తీసుకుని ఇల్లు కట్టుకున్నాడు. ఏడాదికి పన్నెండు రూపాయలు నేల వాడగ, అంటే అద్దె. గడువు హేవిళంబితో తీరుతుంది. అది తీరకముందే గుత్తదారు స్వయంగా వెళ్ళి తాంబూలం, ఒక ఏడాది వాడగ ముట్టజెబితే సత్రం అవే షరతుల మీద ఇంకో చక్రం ఇచ్చి తీరాలి. వెళ్ళకపోతే నేల సత్రానికే. అప్పుడు మేము కొన్నది ఆరు దూలాలు, పదకొండు తలుపులు. వాటిని బండికెత్తుకుని పోవాలి.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే పత్రాల రాయసగాడు సత్రం రసీదులు చూసి అరవంలో రాసిచ్చాడు: గడువు హేవిళంబి సంవత్సరం, పంగుని నెల ఆఖరు వరకు, అంటే ఏప్రిల్ నడిమి దాకా. మిల్లు జీతం అందాక పంగుని మూడో వారంలో అవ్వను మదురకు తీసుకుపోవాలనుకున్నాం. కొత్త గుత్త చేతికి వచ్చాక క్రయం. నా నోటుపుస్తకంలో తేదీలన్నీ వరుసగా వేసుకున్నాను. తేదీల్లో నేను తప్పను అని మా ఇంట్లో అందరికీ నమ్మకం. నాకు ఇంకా ఎక్కువ నమ్మకం.

ఒక మంగళవారం మధ్యాహ్నం బయానా ఇవ్వడానికి అవ్వ ఇంటికి వెళ్ళాను. బయానా చేతిలో పడితే గాని అసలు పత్రం చూపించనని ఆమె పట్టు. రూపాయలు కొంగున ముడేసుకుని, అటక మీది వెదురు గొట్టం దించింది. లోపలి కాగితం విప్పి చూస్తే తెలుగు అక్షరాలు.

మా వాళ్ళు ఈ అరవ దేశం వచ్చి ఎన్ని వందల ఏళ్ళయిందో ఎవరికీ లెక్క లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో అరవం చదువుతాం. అవ్వకు ఏ అక్షరమూ రాదు, మా ఆయనకు అరవమే వచ్చు. నాకు మాత్రం మా నాయనమ్మ పంచాంగం ముందు పెట్టి తెలుగు నేర్పింది. వేలు పెట్టుకుని చదివాను. “విళంబి నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి మొదలుకొని హేవిళంబి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ అమావాస్య పర్యంతము.”

మళ్ళీ చదివాను. నా చేతి సంచిలో పచ్చి మామిడికాయలు, కొత్త బెల్లం, వేపపువ్వు ఉన్నాయి, శుక్రవారం ఉగాదికని ఆ దారిలోనే కొన్నవి. శుక్రవారం ఉగాది అయితే గురువారం అమావాస్య. పత్రం రాసిన వాళ్ళు మన వాళ్ళు. వాళ్ళ ఏడాది ఉగాదికి ముందు రోజుతో సరి. రాయసగాడు అరవ ఏడాది ప్రకారం పంగుని చివరిదాకా లాగాడు. నేనూ అలాగే లాగాను. ఇంట్లో ఉగాది పచ్చడి చేస్తాను, బయటి పనులు చిత్తిరైతో లెక్కేస్తాను. పుట్టినప్పటినుంచీ రెండు కొత్త సంవత్సరాలతో కాపురం చేస్తూ, ఏ కాగితం దేనిదో చూసుకోలేదు. మూడు వారాల పైన ఉందనుకున్న గడువు రెండు రోజులయింది.

“అవ్వా, మంచి చీర ఒకటి తీసి పెట్టుకో. రేపు పొద్దున మదురకు పోతున్నాం.”

“ఎవరు చచ్చినారు?”

“ఎవరూ చావలేదు. గురువారం దాటితే నీ ఇల్లు చస్తుంది.”

నాలుగు గంటల సంగు కూసేసరికి మిల్లు గేటు దగ్గర ఉన్నాను. మా ఆయన అంతా విని తల పట్టుకున్నాడు.

“నెలాఖరు స్టాకు లెక్క ఉండాదే. లీవు ఇయ్యరే!”

“మీరు రానక్కరలేదు. తాంబూలం ఇయ్యాల్సింది అవ్వ, చదవాల్సింది నేను. మీరు ఇద్దరు పిల్లకాయల జడలు వేయండి, చాలు.”

“జడలా?” అన్నాడు. స్టాకు లెక్కే నయమన్నట్టు మొహం పెట్టాడు.

బుధవారం ఉదయం పోదనూరులో రైలెక్కాం. అవ్వ ఒళ్ళో టెంకాయ, తమలపాకులు, వక్కలు. నా ఒళ్ళో వెదురు గొట్టం. భయం వేయలేదంటే అబద్ధం. కానీ దానికన్నా ఉత్సాహం ఎక్కువగా ఉంది. పెళ్ళయ్యాక మగతోడు లేకుండా రైలెక్కడం అదే మొదలు. పొల్లాచ్చి దాటాక కొబ్బరితోటలు వెనక్కి పరుగెత్తుతుంటే నవ్వు ఆపుకోలేకపోయాను.

“నవ్వు, నవ్వు,” అంది అవ్వ. “పత్రం కొత్తదయితే ధర కూడా కొత్తదయితాది, తెలుసునా?”

నా నవ్వు ఆగిపోయింది. ఆమె కిటికీ వైపు తిరిగి వక్క నమలసాగింది.

పళని స్టేషన్లో గుండు మీద చందనం పూసుకున్న జనం ఎక్కారు. రైలు ఆగి ఉన్నంతసేపూ అవ్వ కొండ వైపు చేతులు జోడించి, “మురుగా, ఇంకొక అరవై ఏండ్లు ఇయ్యప్పా, తొందరగా ఇయ్యి” అని గట్టిగా మొక్కింది. ఎదురుగా కూర్చున్న గుండాయన అరవంలో, “అరవై ఏళ్ళా పాట్టీ? ఇంకా ఆశ తీరలేదా?” అన్నాడు.

“నాకు కాదప్పా. మిద్దెకి.”

పెట్టె మొత్తం నవ్వింది.

చీకటి పడేముందు మదుర చేరాం. ఆ సత్రంలోనే ఆడవాళ్ళ గదిలో పడుకున్నాం. గురువారం తొమ్మిదింటికి సత్రం మేనేజరు గదికి వెళ్ళాం. ముసలాయన, మన తెలుగే. చెవిలో పెన్సిలు, ముందు పంచాంగం. పత్రం చూసి, “ఆహా, మా తాత చేతివ్రాత!” అని కళ్ళకద్దుకున్నాడు. అవ్వ టెంకాయ ముందుకు జరపగానే చేతులు వెనక్కి లాక్కున్నాడు.

“ఈ పొద్దు వద్దు తాయీ. అమావాస్య. ఈ పొద్దు మేము కాగితం మీద కలం పెట్టము. మా తాత కాలం నుంచీ రివాజు.”

“అమావాస్య ఎంతవరకుంది అయ్యా?” అన్నాను.

పంచాంగం చూశాడు. “మధ్యాహ్నం మూడు దాటి కొంచెం సేపుండాది. ఆ తర్వాత రండి, రాస్తాను.”

“ఆ తర్వాత పాడ్యమి కదా. పత్రంలో అమావాస్య పర్యంతం అనుంది. పాడ్యమి వచ్చిందంటే గడువు పోయినట్టే. రేపు సత్రం కమిటీ వాళ్ళు ఒప్పుకుంటారా?”

ఆయన పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. “ఒప్పుకోరు. మదురలో నేల ధరలు ఎట్లుండాయో నీకు తెలీదు, కోయంబత్తూరు నేల ఎంత పోతాదో వాళ్ళకు బాగా తెలుసు.”

అమావాస్య ఉన్నంతసేపూ ఆయన రాయడు. అమావాస్య పోతే రాసి ప్రయోజనం లేదు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. అవ్వ నా వైపు చూసింది. ఆ వెక్కిరింత లేని మొహం నేను చూడడం అదే మొదటిసారి. ఆ ఇల్లు తప్ప ఆమెకు మరేమీ లేదు. అది అమ్ముడుపోతే అవినాశిలో చెల్లెలి ఇంటి పక్కన ఒక గది తీసుకుని, ఎవరి చేయి చూడకుండా బతకాలని ఆమె లెక్క.

మేము అలా నిలబడి ఉండగానే ఒక్కొక్కరే మనుషులు వచ్చి పోతున్నారు. సత్రం ముందు వరుసలో ఉన్న అంగళ్ళ వాళ్ళు, అరవ వాళ్ళు. వాడగ కడుతున్నారు. మేనేజరు ఒక పచ్చ అట్ట పుస్తకంలో గబగబా రాసి, రసీదు చించి ఇస్తున్నాడు. నలుగురికి ఇచ్చేదాకా చూశాను.

“అయ్యా, వాళ్ళకు కాగితం మీద కలం పెడుతున్నారే?”

“వాళ్ళు అరవోళ్ళు తాయీ. వాళ్ళకి అమావాస్య మంచిరోజు. ఈ పొద్దు కట్టాలనే కాచుకుని వస్తారు. ఆ పుస్తకం అరవ పుస్తకం.”

“అయితే మా తాంబూలానికి ఆ పుస్తకంలో రసీదు రాయండి.”

“ఆఁ?”

“పత్రంలో ముట్టజెప్పాలని ఉంది గాని, తెలుగులో రసీదు రాయాలని లేదు. ఈ పొద్దు అరవంలో ముట్టినట్టు రాయండి. రేపు ఉగాది, మంచిరోజు. గుత్త పత్రం తెలుగులో రాయండి. మీ తాతగారి రివాజూ తప్పదు, మా గడువూ తప్పదు.”

ఆయన నన్ను చూశాడు, పచ్చ పుస్తకం చూశాడు, పంచాంగం మూసేశాడు. “అవ్వా, ఈమె నీకేమవుతాది?”

“నా ఇంటిని జడపిన్నుతో పొడిచి చూసిన మనిషి,” అంది అవ్వ.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే రాశాడు: హేవిళంబి, పంగుని ఏడో తేదీ, తాంబూలమూ ఒక ఏడాది నేల వాడగా ముట్టినవి, మరు చక్రానికి గుత్త. సమయం కూడా వేయమన్నాను. పదిన్నర అని వేశాడు. గడియారంలో పది ఇరవై ఎనిమిది అయింది, పోనీలే అని ఊరుకున్నాను. అవ్వ వేలిముద్ర వేసి, ఆ సిరా నా చెంగుకు తుడిచింది.

మరునాడు సత్రం వంటింట్లో నేను తెచ్చిన వేపపువ్వుతోనే పచ్చడి చేశారు. పదిమందీ తిన్నాక మేనేజరు కొత్త కాగితం తీసి, తెలుగులో, తాతగారి వరుసలోనే రాయడం మొదలుపెట్టాడు. గుత్తదారు పేరు దగ్గర కలం ఆపాడు.

“ఎవరి పేరు?”

అరవై ఏళ్ళ గడువున్న ఇంటిని అవ్వ ఎవరికైనా, ఎంతకైనా అమ్ముకోవచ్చు. రైలులో అన్న మాట నేను మరిచిపోలేదు. వేలికి అంటిన పచ్చడి నాకి, ఆమె తీరిగ్గా అంది:

“ఈ పిల్ల పేరే రాయి. నా పేరున ఒకసారి, మళ్ళీ ఈమె పేరున ఒకసారి రాయించేదానికి ఆపీసుల చుట్టూ తిరగ నాకు కాళ్ళు లేవు.”

“ధర, అవ్వా?” అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

“చెప్పినదే. రైలులో నీ మొహం చూసేదానికి అట్లన్నాను. టికెట్టు దుడ్డు దానితోనే తీరిపోయె.”

నేను అక్కడితో ఆగలేదు. మీద ఒక అంతస్తు వేసుకునే హక్కు, ఉమ్మడి గోడ మరమ్మతు సగం సగం, బావికి దారి, ఈ మూడూ రాయించాను. మేనేజరు రెండుసార్లు నిట్టూర్చి, మూడింటినీ రాశాడు. ఆ శనివారం ఇల్లు చేరేసరికి మా పెద్దదాని జడ నూలు కండె చుట్టినంత బిగువుగా ఉంది. అది విప్పడానికి అరగంట పట్టింది.

ఇది రాస్తున్న ఈ సంవత్సరం మళ్ళీ హేవిళంబి. నాకు ఎనభై ఆరేళ్ళు. మీది అంతస్తు వేశాం, పెరటి తలుపు చట్రం మార్చాం, దూలాలు ఆరూ అలాగే ఉన్నాయి. మా మనవలు ఫోనులో చూసి, గడువు ఏప్రిల్ దాకా ఉందని చెబుతున్నారు. ఫాల్గుణ అమావాస్య ఈసారి శనివారం. అప్పుడు నా చేత జడ విప్పించుకున్న పెద్దకూతురితో పోవడానికి, మదురకు బుధవారానికే టికెట్లు తీసుకున్నాను.