కళ్లజోడు తీశాను, అంతే!

టీవీ సీరియళ్లలో నాకెప్పుడూ డాక్టరు వేషమే ఇస్తారు. ఆపరేషన్ థియేటర్‌లోంచి వచ్చి, కళ్లజోడు తీసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోవాలి. నా నటనంతా అంతే.

మొన్నామధ్య మా పెద్దమ్మను గుండెనొప్పితో హన్మకొండలో ఓ దవాఖానలో చేర్చారు. షూటింగ్ మానుకుని వెళ్లాను. ఐసీయూలోకి ఒక్కరినే పంపుతామంటే నేనే వెళ్లాను. పెద్దమ్మ నిక్షేపంగా ఉంది, చాయ్ కూడా అడిగింది. నర్సు కుదరదంది.

బయటికి రాగానే నెక్కొండ నుంచి వచ్చిన చుట్టాలంతా లేచి నిలబడ్డారు. ఏసీలోంచి రావడంతో కళ్లజోడు మసకబారింది. తీశాను. చాయ్ ఇవ్వరట అని చెప్పబోతూ తల అడ్డంగా ఊపాను.

"ఓ అత్తమ్మో!" అంటూ వదిన కూలబడింది. వరండా అంతా ఏడుపులు. "బాగనే ఉన్నది!" అని నేను మొత్తుకుంటున్నా వినేవాళ్లు లేరు. అన్న అప్పటికే ఊరికి ఫోన్ కలిపి, "డప్పులోళ్లకు చెప్పుండ్రి" అంటున్నాడు.

నర్సు తలుపు తీసి కసిరింది. "ఏం లొల్లి ఇది? ఎవలు పోయిండ్రని లోపల పెద్దామె అడుగుతాంది!"

ఇంటికొచ్చాక పెద్దమ్మ నన్ను పిలిచి, "బిడ్డా, ఇగ నన్ను సూడ రాకు. ఫోన్ చెయ్యి" అంది.

అయినా నాకు గర్వమే. ఇన్నేళ్లలో నా చేతిలో బతికిన పేషెంటు ఆమె ఒక్కతే.