అమ్మకీ నాకూ మధ్య ప్రైవేట్ నంబర్లు

నయా రాయపూర్‌లో ఆఫీసు పక్కన గది తీసుకుంటానంటే అమ్మ వద్దంది. ఆ కోపంలో బస్సులోంచే మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. ఏమన్నానో సగం గుర్తులేదు. మిగతా సగం రాయడానికి పనికిరాదు. అమ్మ మొత్తం వింది. నాతో మాట మానేసింది.

ఆరు రోజులు. చుట్టూ హిందీవాళ్లుండే కాలనీలో రెండు గదుల రైల్వే క్వార్టర్. నాకు చెప్పాల్సినవి అమ్మ కుక్కర్‌కి చెప్పేది. "ఒసే కుక్కరా, తినీవోలు తినొచ్చని సెప్పు." నేను వాట్సాప్‌లో ఘాటు స్టేటస్‌లు పెట్టేదాన్ని. అందరికంటే ముందు చూసేది ఆవిడే.

గది సంగతి ఆదివారం లోపు తేల్చాలి. అమ్మ ఒప్పుకోకపోయినా వెళ్లిపోగలను. కానీ నాతో మాట్లాడని అమ్మని వదిలి వెళ్లడమంటే, ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని లోపల భయం.

నాన్న తిల్దా వైపు ఒక చిన్న స్టేషన్లో స్టేషన్ మాస్టర్. శనివారం డ్యూటీ దిగి వచ్చి, క్యాలెండర్ వెనక అంకెలు రాసి, చించి, అమ్మకీ నాకూ చెరో ముక్కా ఇచ్చారు.

"పక్క స్టేషనోడు ఫోన్లో ఏటి సెప్తే అదే మనం తిరిగి అప్పజెప్పాల. సరిగ్గా అప్పజెప్పి, మన కాయితంలోంచి ఓ నంబరివ్వాల. దాన్ని ప్రైవేట్ నంబరంటారు. అదొస్తేనే బండి కదుల్తాది. నా సర్వీసులో ఒక్క బండి గుద్దుకోలేదు. ఈ ఇంట్లో రోజూ గుద్దుకుంటన్నాయి."

మొహాలు కనబడితే పని చెడుతుందట. అమ్మని వంటింట్లో, నన్ను పడగ్గదిలో పెట్టి, తాను మధ్య హాల్లో కూర్చుని ముగ్గురినీ ఒకే కాల్లో కలిపారు. నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. అయినా చెప్పాను.

"బస్సులో రానూ పోనూ రెండున్నర గంటలు పోతున్నాయి. అందుకే గది కావాలి."

అమ్మ అప్పజెప్పింది. "నీ వంట బాలేదు, నీ మొకం బాలేదు. అందుకే ఎలిపోతాను."

"గల్తీ," అన్నారు నాన్న. "నంబరివ్వకు. ఫిర్ సే, మల్లీ సెప్పు."

"నేనలా అన్నానా? అసలు అన్నానా?" ఫోన్ మంచం మీదికి విసిరి, అందులోంచి నాన్న గొంతు వినిపిస్తే మళ్లీ తీసుకున్నాను.

"లైన్లో అరవకూడదమ్మా."

అమ్మ రెండోసారి. "బస్సులో టైం పోతంది. అమ్మంటే లెక్కలేదు. అందుకే గది."

"మజ్జిలోది ఎక్కడ్నించొచ్చింది?" అన్నారు నాన్న.

"ఉన్నాదండీ. మీకు ఇనబడదు."

మూడోసారి ఉన్నదున్నట్టు చెప్పి, తన కాగితంలోంచి నంబరిచ్చింది. "నలభై రెండు." నా మాట మసాలా లేకుండా ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. ఇక దేని మీద అరవాలో తెలియలేదు.

అమ్మ వంతు. కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"సాయంత్రం వొచ్చి కండక్టర్ని తిడతావు, మీ ఆఫీసోల్లని తిడతావు. తెలుగులో తిడతావు. మీ నాన డూటీకెలిపోతే ఆ తిట్లే నాకు మాట. అయ్యీ లేకపోతే పొద్దంతా పక్కింటోల్లతో హిందీలో 'హాఁ భాభీ, అచ్ఛా భాభీ' అనుకొనుండాల."

ఒక్క నిమిషంలో పేజీడు కోపం టైప్ చేసే నేను మొదలుపెట్టాను. కండక్టరు దాటాను, ఆఫీసు దాటాను. 'ఆ తిట్లే నాకు మాట' దగ్గర ఆగిపోయాను.

"ఫిర్ సే," అన్నారు నాన్న, మెల్లగా.

మళ్లీ అక్కడే ఆగాను. మూడోసారికి ముక్కు ఎగబీల్చుకుంటూ మొత్తం చెప్పాను. "అరవై ఎనిమిది."

"సరే అయితే ఎల్లు," అంది అమ్మ. "సుక్రోరం ఆపీసవ్వగానే ఇంటికొచ్చీ. వారం తిట్లన్నీ మరిసిపోకండా పట్టుకురా."

"ఆగండి, ఆగండి!" హాల్లోంచి నాన్న. "ఇది కొత్త మెసేజు. నంబరేదీ?"

"బస్ కరో, ఇంక సాలు! మీ నంబర్లు మీ స్టేషన్లోనే పెట్టుకోండి!" అంది అమ్మ.

నేనప్పటికే వంటింట్లో ఉన్నాను. అమ్మ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బెండకాయలు కోస్తోంది. నా వైపు చూసింది, కాల్ మాత్రం కట్ చేయలేదు. నేనూ చేయలేదు. అడుగు దూరంలో నిలబడి, ఫోన్లోనే చెప్పాను.

"శుక్రవారం వస్తాను."

"ఇనబడింది," అంది అమ్మ, ఫోన్లోనే.