ఉరికంబం పలకకు వంక

మా పెదనాన్న జైల్లో ఖైదీలకు వడ్రంగం నేర్పే మాస్టారు. మా పెద్దమ్మది ఎప్పుడూ ఒకటే మాట: "హంతకులకి చేతిపని నేర్పడమేంటండీ, చోద్యం కాకపోతే! ఉరి తీస్తే పీడా విరగడైపోతుంది." ఈ మాట ఆవిడ హంతకుడు చేసిన కుర్చీలో వెనక్కి వాలి మరీ అంటుంది. ఆవిడ నడుంనొప్పికి అంత సుఖమైన కుర్చీ ఊరంతా గాలించినా దొరకలేదట.

ఆ కుర్చీ చేసినవాడికి నిజంగానే ఉరిశిక్ష పడింది. కోపంలో సొంత అన్నను చంపాడు. క్షమాభిక్షకు అర్జీ పెట్టుకోరా అని పెదనాన్న బతిమాలితే, "ఏ మొహం పెట్టుకుని అడగను సార్" అని తల వంచుకుని కర్రకు చిత్రిక పట్టేవాడు. అర్జీకి గడువు దగ్గర పడుతోంది.

ఇంతలో ఉరికంబం కింద తెరుచుకునే పలక వానకు ఉబ్బి బిగుసుకుపోయింది. కొత్తది చేయించమన్నాడు జైలరు. పనులు వంతులవారీగా పంచుకోవాలన్నది పెదనాన్న పెట్టిన నియమం. ఆయన జ్వరంతో ఇంట్లో ఉండగా, వంతు ప్రకారం ఆ పని వెళ్ళి వాడి నెత్తినే పడింది.

ఆయన వచ్చేసరికి పలక అద్దంలా మెరుస్తోంది.

"మతి పోయిందట్రా నీకు? ఇదెందుకో తెలుసా?"

"తెలుసు సార్. ఎవరి కోసమో చూడకు, పని చూడు అని మీరేగా నేర్పారు."

అంతలో జైలరు వచ్చి, "బాగా కుదిరిందా మాస్టారూ?" అన్నాడు. కర్ర విషయంలో పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని పెదనాన్న పలక అంచు మీద వేలు రాసి చూశాడు.

"ఏం కుదరడం నా మొహం! వంకర. మళ్ళీ చెయ్యాల్సిందే."

శిష్యుడికి ఒళ్ళు మండింది. "వంకరా? మూలమట్టం పెట్టి చూడండి సార్!"

"నోర్ముయ్! అంచులు ఎలకలు కొరికినట్టున్నాయి."

ఇంట్లో ఇదంతా విని పెద్దమ్మ కుర్చీ చేతిని నిమిరింది. "ఇంకో నాలుగుసార్లు వంకరనే చెప్పండి."

"ఉరి తియ్యాలన్నావుగా?"

"హంతకుల్ని అన్నాను. వీణ్ణి అన్నానా?"

వారం తిరిగేసరికి రెండో పలక కూడా వంకరే అయింది. శిష్యుడు చిత్రిక విసిరికొట్టాడు.

"పదిమందిలో నా పని పరువు తీస్తున్నారు. ఇది అన్యాయం సార్! ఊరుకోను, పైవాళ్ళకి అర్జీ పెడతాను!"

పెదనాన్న గబగబా జేబులోంచి కలం తీసి వాడి చేతిలో పెట్టాడు.

"పెట్టరా నాయనా, నీ కడుపు చల్లగుండ! ముందు పలక సంగతి రాయి, నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. ఎలాగూ కాగితం పట్టావు కాబట్టి, ఆ క్షమాభిక్ష సంగతి కూడా కింద ఓ ముక్క రాసెయ్."