గడప మీద పార్కింగు

గడప మీద నిలబడకూడదని నాకు మాటలు సరిగ్గా రాకముందే నేర్పారు. నేర్పింది మా అక్క. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి, నన్ను పెంచడం, తిట్టడం రెండూ అక్క పనులే. సాయంత్రం పూట కాళ్ళు బారచాపుకుని వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చునేది. నేను పరుగున వచ్చి ఆ కాళ్ళ మీదుగా దూకితే చొక్కా పట్టుకుని వెనక్కి లాగేది. "పెద్దోళ్ళ కాళ్ళు దాటతావా? తిరిగి దాటు!" అనేది. దాటిన దోషం పోవాలంటే వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి దాటాలి. అది ఆమె చట్టం. గడప మీద నిలబడితే మాత్రం విరుగుడు లేదు, వీపు మీద ఒకటి పడేది, అంతే.

ఆ చట్టాలన్నీ తలవంచి పాటించి పెద్దవాడినయ్యాను. ఇప్పుడు నడివయసులో, రోజూ గడప మీదే నిలబడుతున్నాను. నిలబడుతున్నాను అనడం కూడా అబద్ధమే. నా కాళ్ళు నన్ను నిలబెడుతున్నాయి.

మణవాళనగర్‌లో, తమిళంవాళ్ళ మధ్య, మాది అద్దె ఇల్లు. గడప అంటే పేరుకు గడప, నేలతో సమానంగా పరిచిన నల్ల గ్రానైటు పలక. హాల్లోంచి ఏదో ఒకలాగా నడిచి వస్తాను. తలుపు దగ్గరికి రాగానే రెండు పాదాలూ నేలకు అతుక్కుపోతాయి. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, కాళ్ళలో బలం ఉంది. కదలమంటే కదలవు. నడుము పైభాగం మాత్రం బయటికి పోవాలని తొందరపడుతుంది. నేను తలుపు రెక్క పట్టుకుని, పక్కింటివాళ్ళ కుక్క చూస్తుండగా, నా కాళ్ళకు ఎప్పుడు దయ కలుగుతుందా అని ఎదురుచూస్తాను. కలిగినప్పుడు అవే లేస్తాయి. ఎందుకు ఆగాయో చెప్పవు, ఎందుకు లేచాయో కూడా చెప్పవు.

డాక్టరు దీన్ని పార్కిన్సన్స్ అన్నాడు. మెదడులో ఒక రసాయనం తగ్గిపోయిందన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. మాత్ర పనిచేసే గంటల్లో నేను మనిషిని, దాని పవరు దిగిపోయే వేళకు కొయ్యబొమ్మని. ఇదంతా నేను ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది జనాన్ని. "చెయ్యి వణకడం లేదే!" అంటారు ఏదో మోసం పట్టుకున్నట్టు. ఈ జబ్బుంటే వణకాలని వాళ్ళకు ఎవరో చెప్పారు. నాకు వణుకు తక్కువ, బిగుసుకుపోవడం ఎక్కువ. వాళ్ళ తృప్తి కోసం వణికి చూపించాలా? నరాల జబ్బు అని చెప్తే, లోకల్ రైలు పెట్టెల్లో అంటించే 'నరంబు తళర్చి' మగతనం మందుల కాగితాలు గుర్తొచ్చి మగవాళ్ళు మీసాల కింద నవ్వుకుంటారు. మెదడు జబ్బు అంటే ఒక అడుగు వెనక్కి జరుగుతారు. ఎదురింటాయన రోజూ కీళ్ళనొప్పులకు తాగే ముడక్కత్తాన్ ఆకు రసం తాగమంటాడు. "వాతం సార్, వేరే ఒణ్ణుమిల్లె" అంటాడు, వేరే ఏమీ లేదట. కాట్టుపల్లి ఓడల యార్డులో కాంట్రాక్టు స్టోర్స్ చూసుకునే నా పనిలో ఇప్పుడు నన్ను కుర్చీలోనే కూర్చోబెట్టారు. అక్కడా ఒకాయన, "అదృష్టవంతుడివి అన్నా, కూచోని జీతం" అన్నాడు. వాడి నెత్తిన రిజిస్టరు వెయ్యాలనిపించింది.

సంగతి తెలిసి అక్క అత్తిమంజేరిపేట నుంచి వచ్చింది. పెళ్ళైనప్పటి నుంచి ఆమెది ఆ ఊరే. బావ చెరకు పండిస్తాడు. జబ్బు పేరు అడిగింది. చెప్పాను.

"పార్కింగా?"

"పార్కింగ్ కాదక్కా, పార్కిన్సన్స్."

"అదేలేరా, పార్కింగు. బండ్లకు చెప్తారే."

దిద్దడానికి ప్రయత్నించి ఓడిపోయాను. ఆ తర్వాత చుట్టాలందరికీ ఫోన్లో నా తమ్ముడికి పార్కింగు జబ్బని చెప్పింది. పేరు తప్పైనా అర్థం మాత్రం అచ్చంగా కుదిరింది. గడప మీద నన్ను సరిగ్గా పార్కింగే చేస్తుంది. ఆ మర్నాడు పొద్దున్నే ఆమె కళ్ళ ముందే చేసింది.

"ఏమిరా, గడప మీద నిలబడుకోని! లోపలికన్నా రా, బయటికన్నా పో!"

"రాలేకపోతున్నానక్కా."

"సుమ్మా, ఊరికే కాలెత్తి పెట్టరా. అంతే గదా!"

అంతే కదా. ఈ మాట అనని మనిషి ఇంకా నాకు తగల్లేదు.

అక్క నాకు చెప్పకుండా తిరుత్తణి స్వామికి మొక్కుకుంది, తమ్ముడు మెట్లెక్కి వస్తాడని. కొండపైకి బండ్లు పోయే రోడ్డుంది, ఆటోలో పోదామని నా భార్య బతిమాలింది. "గడప దాటలేని మనిషి కొండెట్లా ఎక్కుతాడు వదినా?" అంది. అక్క వినలేదు. మొక్కిన మొక్కు ఆటోలో చెల్లదట. ఇద్దరి మధ్యా నలిగిపోయి, సగం దారిలో కూలబడితే అక్కే ఒప్పుకుంటుందిలే అనుకుని సరేనన్నాను.

రైలు దిగి మెట్ల దగ్గరికి పోయాం. మొదటి మెట్టు మీద పెట్టమని కాలికి చెప్పాను. పెట్టింది. రెండో కాలు లేచింది. మూడో మెట్టు, నాలుగో మెట్టు. నేను ఆగి నా కాళ్ళ వంక చూసుకున్నాను, ఇవి నావేనా అని. పదేళ్ళ కిందటి కాళ్ళలా ఎక్కుతున్నాయి. నా భార్య నోరు తెరిచి చూస్తోంది. వెనక అక్క "అరోహరా" అంటూ ఏడుస్తూ ఎక్కుతోంది. ఆ కాసేపు నాకు కలిగిన సంతోషం దాచుకోను. జబ్బు వచ్చాక మొదటిసారి నా కాళ్ళు నా మాట విన్నాయి. పైకి చేరేసరికి అక్క ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెప్తోంది, "మా తమ్ముడికి కాళ్ళొచ్చేసినాయి తల్లీ!" అని.

పైన నేల చదును. జనం గుంపు. ముందు ఒక ఇరుకు ద్వారం, దానికి రాతి గడప, నేలకు సమానంగా. అక్కడ పార్కింగు పడింది.

వెనక వరుసలోంచి "నగరుంగ సార్, నగరుంగ" అని తోస్తున్నారు. జరిగే శక్తి ఉంటే జరగనా? అక్క వెనక్కి తిరిగి చూసింది. ఆమె ముఖంలో ఆనందం పోయి ఇంకేదో వచ్చింది.

"ఇంత కొండెక్కినోడివి, ఈ బండ దాటేదానికి రాదా? ఎవురిని మోసం చేస్తా ఉండావురా? దేవుడి కాడ గూడా నటనేనా?"

అందరూ విన్నారు. తమిళం వాళ్ళకు కూడా ఆ తెలుగు బాగానే అర్థమైంది. నా భార్య నా జబ్బ పట్టుకుని ఎలాగో లోపలికి లాగింది. దర్శనంలో ఏం చూశానో గుర్తు లేదు. దిగేటప్పుడు మెట్లన్నీ చక్కగా దిగాను, అది నా మీద ఇంకో సాక్ష్యమైంది. కింద అక్క తన ఊరి వైపు పోయే పళ్ళిపట్టు బస్సెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత ఫోను లేదు.

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎదురింటాయన నమ్మకపోతే పోయాడు. యార్డులోవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. నన్ను పెంచిన మనిషే నేను నాటకమాడుతున్నాననుకుంటే, ఇంక ఎవరికి చెప్పుకోవాలి? కాలు విరిగితే కట్టు ఉంటుంది, జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. దీనికి చూపించడానికి ఏమీ లేదు. అన్నిటికన్నా ఘోరమేమిటంటే, ఒక్కోరాత్రి నాకే అనుమానమొచ్చేది, నిజంగా నేనే ఎక్కడో నటిస్తున్నానేమోనని.

డాక్టరును అడిగాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఈ జబ్బులో అది మామూలే" అన్నాడు. చదును నేల మీద నడక ఆలోచన లేకుండా దానంతటది జరిగిపోవాలి. నాలో చెడింది ఆ భాగమే. మెట్టు ఎదురుగా కనిపిస్తే, ఇక్కడ పెట్టు అని కంటికి ఒక గుర్తు దొరుకుతుంది, మెదడు వేరే దారిలో కాలును లేపుతుంది. ఇరుకు ద్వారాల దగ్గర ఎక్కువ ఆగిపోవడం కూడా జబ్బు లక్షణమే. నేల మీద గీతలు గీసినా, ఎవరైనా కాలు అడ్డంగా పెట్టి దాటమన్నా పనిచేస్తుందన్నాడు.

"ఈ సంగతి మొదటే చెప్పొచ్చు కదా సార్!"

"మెట్లెక్కగలనని మీరు చెప్పలేదు కదా" అన్నాడు. ఇంకో కోపం మింగాను.

నా భార్య మర్నాడే ముగ్గుపిండితో తలుపు దగ్గర అడ్డగీతలు గీసింది. తుడిచినప్పుడల్లా పోతుంటే విసిగి పసుపుపచ్చ టేపు తెచ్చి అంటించింది. ఇప్పుడు మా హాలు రోడ్డు దాటే చోటులా ఉంటుంది. వచ్చినవాళ్ళు అడుగుతారు, చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి. గీతలు లేనిచోట ఆమె తన పాదం నా ముందు అడ్డంగా పెడుతుంది, దాన్ని దాటుతూ నడక మొదలుపెడతాను. ఇదంతా అక్కకు ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పింది. అవతల అక్క "ఊ" అంది, ఇంకోసారి "ఊ" అంది, పెట్టేసింది.

ఆ ఊ నన్ను కాల్చింది. చివరికి బావ ఫోను చేశాడు. "మీ అక్క సరిగ్గా తినడం లేదురా. నోరు తెరిచి చెప్పదు. నువ్వే రా" అన్నాడు. నటుణ్ణని నిందించిన మనిషి ఇంటికి నేనెందుకు పోవాలని రెండు రోజులు బిగుసుకున్నాను. ఈసారి బిగుసుకుంది జబ్బు వల్ల కాదు. తర్వాత ఇద్దరం బయల్దేరాం.

అక్క వాళ్ళది పాత ఇల్లు. వాకిట్లోంచి ఒక మెట్టు ఎక్కితే వెడల్పాటి రాతి గడప. ఆ రాయికి, లోపలి ఎర్ర సిమెంటు నేలకు ఎత్తులో తేడా లేదు. మెట్టు కాబట్టి కాళ్ళు ఠక్కున ఎక్కాయి. ఎక్కి, సరిగ్గా గడప మీద, ఆగిపోయాయి. నా భార్య ఇంకా వీధిలో ఆటో అతనితో మాట్లాడుతోంది.

లోపల అక్క కాళ్ళు బారచాపుకుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది. లోపలికన్నా రా, బయటికన్నా పో అనే మాట కోసం నేను పళ్ళు బిగబట్టి ఎదురుచూశాను. ఆమె నా ముఖం వంక చూడలేదు, పాదాల వంక చూసింది. నా పిక్కలు అదురుతున్నాయి, చొక్కా చెమటకు తడిసింది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. ఒళ్ళోని పొట్టు దులుపుకుని, గడప దగ్గరికి వచ్చి, తన కుడిపాదం నా వేళ్ళ ముందు అడ్డంగా పెట్టింది. మడమ పగుళ్ళలో మట్టి, వేలికి మెట్టె.

"దాటురా."

"అక్కా, నీ కాలా?"

"నాదే. దాటు."

"పెద్దదానివి. నీ కాలు నేను దాటడమేంది?"

"రేయ్, గడప మీద ఎంతసేపు నిలబడతావు? పొయ్యేటప్పుడు ఎట్లాగూ తిరిగి దాటాల గదా. దోషం అప్పుడు పోతాదిలే."

నా కాలు లేచింది. అక్క పాదం దాటి ఇంట్లోకి పోయాను.