పదమూడో వరుస లేని విమానం

కొత్త రకం విమానాలు వస్తున్నాయని మాకు ఎవరూ పిలిచి చెప్పలేదు. ఒక రోజు స్టోరులో మా వాక్యూమ్ మిషన్ల పాత గొట్టాలు తీసేసి, దాదాపు రెండింతలు పొడవున్నవి తగిలించారు. రాబోయేది పెద్దదని అప్పుడు అర్థమైంది.

అప్పటికి నేను బహ్రెయిన్ వచ్చి ఆరేళ్లు. మొదటి మూడేళ్లు గలాలీలో ఒక ఇంట్లో పనిచేశాను. ఆ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లై నా అవసరం తీరిపోయాక, కఫీల్, అంటే నా వీసా పెట్టించిన ఆ ఇంటి యజమాని, తనే కాగితాల మీద సంతకం పెట్టి, విమానాశ్రయంలో శుభ్రం చేసే కంపెనీకి నన్ను మార్పించాడు. ప్రయాణికులు దిగిపోగానే మేము విమానం ఎక్కేవాళ్లం. మళ్లీ కొత్తవాళ్లు ఎక్కేలోపు సీట్ల జేబుల్లో చెత్త తీయాలి, తల ఆనించే చోట గుడ్డలు మార్చాలి, తివాచీ మీద మిషను నడపాలి, బెల్టులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టాలి. చివరగా ప్రతి సీటు కిందా చెయ్యి పెట్టి, లైఫ్ జాకెట్ సంచి ఉందో లేదో తడిమి చూడాలి. కొందరు ప్రయాణికులు దాన్ని బ్యాగులో పెట్టుకుని పోతారు. ఎందుకు పనికొస్తుందనుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు.

పాత విమానంలో మధ్య ఒకటే దారి, అటు మూడు సీట్లు, ఇటు మూడు. మూడేళ్లలో అది నాకు వంటగది లాంటిదైపోయింది. ఏ డబ్బా ఎక్కడుందో చూడకుండా చెయ్యి పెట్టినట్టే, ఏ సీటు చేతికి ఎక్కడ తగులుతుందో తెలిసేది.

నాకు చదువు రాదు. ఆ సంగతి అక్కడ ఒక్కడికే తెలుసు. నాతో జంటగా పనిచేసే అతనిది నిజామాబాద్ దగ్గర ఒక ఊరు, నాకన్నా పదేళ్లు చిన్న. ఏడో తరగతి దాకా చదివాడు. పని అయ్యాక నింపాల్సిన కాగితం అతను నింపేవాడు, అతని వంతు మరుగుదొడ్లు నేను కడిగేదాన్ని. సంతకం మాత్రం బొమ్మ గీసినట్టు గీయడం నేర్చుకున్నాను. అడిగినవాళ్లు లేరు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

కొత్త విమానం ఆ ఏర్పాటు మొత్తం కదిలించేసింది. మా సూపర్‌వైజర్ కేరళ మనిషి. ఒక రోజు అందర్నీ నిలబెట్టి హిందీలో చెప్పాడు. కొత్తదానిలో జంటలు ఉండవు. శుభ్రం చేయడం నలుగురు కలిసి చేస్తారు, చివరి తనిఖీకి మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో భాగం ఇస్తారు, ఎవరి భాగానికి వాళ్లే కాగితం రాయాలి. రెండు వారాల శిక్షణ, తర్వాత పరీక్ష. పాసైనవాళ్లే కొత్త విమానం ఎక్కుతారు. పాతవి ఒక్కొక్కటే పోతాయి కాబట్టి, పాస్ కానివాళ్లు వీసా అయిపోగానే ఇంటికి.

ఊళ్లో మా చెల్లెలు, భర్త పోయిన మనిషి, ఇద్దరు పిల్లలతో నేను పంపేదాని మీదే ఉంది.

శిక్షణ పెద్ద హాలులో జరిగింది. ఒక పక్క ఎయిర్ హోస్టెస్‌లు ఉత్తుత్తి తలుపు ఒకటి పదేపదే తెరుస్తూ, గాలి నింపిన జారుడు బల్ల మీదకి చేతులు కట్టుకుని దూకడం నేర్చుకునేవారు. భోజనం బండి కొత్త తలుపు ఎత్తుకు అందుతుందా లేదా అని బయట ఎవరో టేపు పట్టుకుని కొలిచేవారు. మెకానిక్కులు కొందరు శిక్షణకు వేరే దేశం వెళ్లారన్నారు. ఇంకో పక్క మాకోసం మామూలు కుర్చీలు వరసలుగా వేశారు: రెండు కుర్చీలు, దారి, నాలుగు కుర్చీలు, మళ్లీ దారి, మళ్లీ రెండు. నా భాగం ఎనిమిదో వరుస నుంచి మొదలవుతుందని చెప్పారు. కుర్చీల మీద నంబర్లేమీ లేవు.

మాకు నేర్పిన మేడం బుసైతీన్ అనే ఊరి నుంచి వచ్చే బహ్రెయినీ ఆవిడ. ఒకప్పుడు తనూ ఎయిర్ హోస్టెస్. చిన్నప్పుడు తమ ఇంట్లో పనిచేసిన ఆయా దగ్గర నేర్చుకున్న హిందీ మాట్లాడేది. గొంతు గట్టిదే గాని ఎవరినీ చిన్నబుచ్చేది కాదు.

మొదటి రోజే తల బొప్పి కట్టింది. రెండు దారులు ఉండేసరికి మధ్య నాలుగు సీట్లు ఎవరివో ఎవరికీ తెలియలేదు. ఒకసారి ఇద్దరం చేశాం, ఒకసారి ఇద్దరం వదిలేశాం. ఒకరు మిషను నడిపిన తివాచీ మీద ఇంకొకరు చెత్త సంచి ఈడ్చుకుంటూ పోయారు. మేడం గడియారం చూసి తల అడ్డంగా ఊపింది.

మధ్యాహ్నం విశ్రాంతి రేకుల గదిలో. హాలు నుంచి ఒక సుద్దముక్క తెచ్చుకుని సిమెంటు నేల మీద చుక్కలు పెట్టాను. రెండు, ఖాళీ, నాలుగు, ఖాళీ, రెండు. దాని కింద అలాగే ఇంకో వరస. మెలికల ముగ్గులో చెయ్యి ఎత్తకుండా ప్రతి చుక్కనూ చుట్టి రావాలి, గీసిన గీత మీద మళ్లీ గీయకూడదు. నలుగురు మనుషులు నాలుగు గీతలనుకుని, ఎవరూ ఎవరి గీతా తొక్కకుండా వెనక తలుపు దగ్గర తేలేలా గీశాను. నాలుగుసార్లు తుడిచాను. అయిదోసారి కుదిరింది.

నా జంట అతను టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

“గిదేందక్కా, ఇమానానికి ముగ్గు పెడ్తున్నవ్? మా ఊర్ల ఇంటి ముంగట పెడ్తరు. దుబాయిల ఇమానానికి పెడ్తరా?” అతనికి గల్ఫ్ అంతా దుబాయే.

“నవ్వితే నవ్వావు గానీ ఇలా వచ్చి కూచో. ఈ నాలుగు చుక్కలూ పొద్దున్న నువ్వొదిలేసిన సీట్లు.”

“గవి నీయి అనుకున్న.”

“నేను నీవనుకున్నాను. అదే గదా గొడవ.”

అతను కూర్చున్నాడు. ఆ తర్వాత మా నలుగురిలో మిగతా ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. మర్నాడు హాలులో మా నలుగురం ఆ గీతల్లోనే నడిచాం, ఒకరికొకరం అడ్డం రాకుండా వెనక్కి చేరాం. మేడం గడియారం రెండుసార్లు చూసింది. ఆ రెండు వారాలూ ముగ్గు చూసుకునే పని చేశాను. చదివినవాళ్లకు కాగితం ఉంది, నాకు ఇది ఉంది అనుకున్నాను. కొంచెం గర్వం కూడా వచ్చిందని ఒప్పుకోవాలి.

పరీక్ష రోజుకు అసలు విమానం వచ్చింది. లోపల కొత్త తివాచీ వాసన, కొన్ని సీట్లకు ఇంకా ప్లాస్టిక్ కవర్లు. మేడం ఒక్కొక్కరి భాగంలో ఆరు తప్పులు దాచింది. ఎక్కడో జాకెట్ తీసేసింది, ఎక్కడో కుషను కింద చిన్న మడత కత్తి పెట్టింది. అవి వెతికి పట్టుకుని, ఏ వరుస, ఏ సీటు అన్నది రాయాలి. మాట్లాడకూడదు.

అంకెలు నాకు ముప్పై ఒకటి దాకా వచ్చు, గోడ క్యాలెండర్ పుణ్యాన. నా భాగం ముప్పైతోనే అయిపోతుంది కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. సీటుకు ఇంగ్లీషు అక్షరం రాయాలి, అవి రావు. వాటి బదులు ఎనిమిది చుక్కలు పెట్టి, ఆ సీటు చుక్క చుట్టూ సున్న చుట్టాను. ఏ సీటో అంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఎనిమిది నుంచి మనసులో లెక్కపెట్టుకుంటూ, చేత్తో తడుముకుంటూ పోయాను. ఆరూ దొరికాయి. అందరికన్నా ముందు కాగితం ఇచ్చాను.

అందరివీ అందాక మేడం నా కాగితం తిప్పి తిప్పి చూసింది. సూపర్‌వైజర్‌ను తీసుకుని లోపలికి వెళ్లింది. పదకొండో వరుస సరిపోయింది. నేను పదిహేను అని రాసినచోట ఏమీ లేదు. పద్దెనిమిదిలో లేదు. ఇరవై నాలుగులో జాకెట్ ఉండాల్సిన చోట భద్రంగా ఉంది. “ఈమె ఊహించి రాసింది, మేడం,” అని సూపర్‌వైజర్ అనడం నాకు వినబడింది.

మేడం నన్ను పిలిచింది. “ఎక్కడ చూశావో చూపించు.”

నేను తిన్నగా వెళ్లి, పదిహేను అని రాసిన సీటు మీద చెయ్యి వేశాను. కుషను ఎత్తితే కత్తి అక్కడే ఉంది.

“ఇది పదహారు,” అంది మేడం.

“కాదు మేడం, పదిహేను. ఎనిమిది నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను.”

“పైన చూడు.”

సామాన్లు పెట్టే అర అంచున చిన్న పలక ఉంది. ఒకటి, ఆరు. వెనక్కి నడిచాను. పదిహేను. పద్నాలుగు. ఆ తర్వాత పన్నెండు. చేతిలోంచి ఏదో జారిపడినట్టు కిందికి వంగి కూడా చూశాను.

“పదమూడు ఏదీ?”

“లేదు. కొందరు ప్రయాణికులు ఆ నంబరులో కూర్చోరు. అందుకని పెట్టలేదు.”

“నంబరు తీసేస్తే వరస పోతుందా మేడం? పద్నాలుగులో కూర్చున్నవాడు కూర్చుంది పదమూడులోనే.”

ఆవిడ నవ్వింది. సూపర్‌వైజర్ కూడా నవ్వాడు. నవ్వు ఆగాక ఆవిడ నా కాగితం మీద చుక్కల్ని వేలితో తాకింది.

“నీకు చదవడం రాదు, కదూ?”

మూడేళ్లు దాచింది రెండు మాటల్లో బయటపడింది. రాదన్నాను. సూపర్‌వైజర్ మొహం నేను చూడలేదు.

మేడం ఒక సీటు చేతి మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆరూ పట్టుకున్నది నేనొక్కదాన్నేనట, మిగతావాళ్లకు మూడో నాలుగో దొరికాయట. పాసవడానికి మూడు చాలట, రాసినవి మాత్రం తప్పు కాకూడదట. కానీ జాకెట్ పెట్టడానికి వచ్చే మెకానిక్‌కు నా చుక్కలు తెలియవు. “నువ్వు ఇరవై నాలుగు అని రాస్తే అతను ఇరవై నాలుగుకే వెళ్తాడు. అక్కడ జాకెట్ ఉంటుంది, వెళ్లిపోతాడు. ఇరవై అయిదులో కూర్చున్న మనిషి సముద్రం మీద వెళ్తుంటాడు. నిన్ను పాస్ చెయ్యలేను.”

ఆవిడ మాటలో తప్పు వెతికాను, దొరకలేదు.

“ప్రయాణికులతో ఎగరడానికి ఇంకా మూడు వారాల టైముంది,” అంది లేస్తూ. “రోజూ డ్యూటీ అయ్యాక హాలుకు రా. అప్పటికి రాయగలిగితే మళ్లీ పెడతాను. లేకపోతే ఖలాస్.”

బయట నా జంట అతను ఎదురుచూస్తున్నాడు. అతను పాసయ్యాడు. సంగతి విని, కాగితం తను రాసిస్తానని, ఎవరికీ తెలియదని అన్నాడు. నీకు పడింది తోక వైపు భాగం, మధ్యకు ఎన్నిసార్లు పరిగెత్తుకొస్తావని అడిగాను. తెలిస్తే నీ ఉద్యోగమూ పోతుందన్నాను. “మనకు మంగళారం ఎట్లనో గాళ్లకు పదమూడు గట్లనా?” అన్నాడు. నవ్వు రాకపోయినా నవ్వాను.

నలభై మూడేళ్ల వయసులో అలా చదువు మొదలుపెట్టాను. పలకా లేదు, బడీ లేదు. మేడం కుర్చీల వీపులకు కాగితాలు అంటించింది. ఆ విమానంలో అడ్డంగా ఉన్న ఎనిమిది సీట్లకు ఎనిమిది అక్షరాలు: ఏ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్, కే. ఆవిడ అక్షరం పిలిస్తే నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవాలి. మొదటి రోజు సీకీ జీకీ మధ్య ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో, అవతలి పక్క ఎయిర్ హోస్టెస్‌లు దూకడం ఆపి చూశారు. రెండో వారం కుర్చీలు వదిలి రాయించింది. జీ రాయడం చాలా కష్టం. కొక్కెం లోపలికి తిరగాలి, నా చెయ్యి దాన్ని మూసేసేది. ముప్పై ఒకటి దాటిన అంకెలు కూడా చెప్పింది. ఆ పైన నెల ఉండదని ఇన్నాళ్లూ ఆగిపోయానని చెబితే, విమానానికి నలభై దాకా వరుసలున్నాయి, ఆగకు అంది. పైన పలక చూడకుండా ఏదీ రాయొద్దని, లెక్క సరైనదని ఎంత నమ్మకం ఉన్నా సరే చూడమని రోజూ చెప్పేది. నాకు కష్టమైనది అదే. అక్షరాలకన్నా అదే కష్టమైంది. నా చేతిని నేను నమ్మకుండా, ఎవరో అతికించిన పలకను నమ్మాలి.

ఒక రోజు కాగితం మీద ఎనిమిదీ వరసగా రాసి నా జంట అతనికి చూపించాను.

“అక్కా, నడుమ బీ ఏడవెట్టినవ్?”

“విమానంలో లేదు.”

“బయట ఉంటది.”

ఉంటే ఉండనీ, నాకు దానితో పనిలేదన్నాను. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఎన్నో ఏళ్ల తర్వాత, ఊళ్లో. అ ఆలకంటే ముందు నాకు హెచ్ వచ్చని చెబితే మా చెల్లెలి పిల్లలు నమ్మలేదు.

మూడో వారం చివర మేడం మళ్లీ ఆరు దాచింది. నేను అయిదే పట్టుకున్నాను. పలకలు చూడటంలో పడి ఒక సీటు కింద సరిగా తడమలేదు. రాసిన అయిదూ సరిపోయాయి. ఆవిడ ఆరోదాని దగ్గరికి నన్ను తీసుకెళ్లి చూపించి, చెయ్యీ కన్నూ రెండూ పనిచేయాలి అని మందలించి, కాగితం అడుగున సంతకం పెట్టింది. సూపర్‌వైజర్ నా పేరు కొత్త జాబితాలో ఎక్కించాడు.

ప్రయాణికులతో ఆ విమానం వచ్చిన నాలుగో రోజో అయిదో రోజో, ఇరవై రెండో వరుసలో సీటు కింద నా చేతికి ఖాళీ తగిలింది. పైకి చూశాను. పలక మీద ఇరవై రెండే. మళ్లీ చూశాను. రాసి, కాగితం తలుపు దగ్గర నిలబడ్డ మెకానిక్‌కు ఇచ్చాను. నన్నెప్పుడూ చూడని మనిషి. అతను కాగితం చదివి, సంచి ఒకటి చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు, ఇరవై రెండు దగ్గర ఆగాడు, కిటికీ పక్క సీటు కింద వంగాడు. లేచి, కాగితం మీద ఒక టిక్కు పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. వెనక నుంచి ఎవరో యల్లా యల్లా అని తొందరపెడుతున్నారు. ఇంకా ఎనిమిది వరసల బెల్టులు పెట్టాలి.