పిగిలిపిట్ట కాలికి దారం

ఇవాళ ఎవరో తోటలో నీళ్లు తాగే పిగిలిపిట్ట ఫోటో పెట్టారు. ముప్పై ఆరు ఫోటోల రీలు కాలం మీకు గుర్తుందా?

పుంగనూరులో మా చిన్నాన్న పెరటి రాతితొట్టి దగ్గర కెమెరాతో గంటలకొద్దీ కదలకుండా కూర్చునేవాడు. నా అలికిడికి పిట్టలు ఎగిరిపోయేవి. ఒకరోజు రీల్లో ఒక్క ఫోటోనే మిగిలిందన్నాడు. ఆయనకు తెలియకుండా గంప కింద ఒక పిగిలిపిట్టను పట్టి, కాలికి దారం కట్టి, రెండో కొసను తొట్టి అంచున రాయి కింద నొక్కి, అక్కడే ఉంచాను.

ఆయన ఫోటో తీశాడు. పిట్ట ఎగరబోయి తలకిందులుగా వేలాడింది.

“యాల కట్టేస్తివి పాపా? దానంతటదే వస్తా ఉండె గదా!” అంటూ చిన్నాన్న పరిగెత్తి దారం తెంపాడు. అప్పటికే కాలు విరిగింది. సాయంత్రానికి పిట్ట చచ్చిపోయింది.

దాని జంటపిట్ట వారం రోజులు తొట్టిమీద వాలి, నీళ్లు ముట్టకుండా పిలిచింది. ఆ పిలుపు ఎక్కడ వినబడినా ఇప్పటికీ కిటికీ మూసేస్తాను.