నేను బోర్డు మీద గీసిన స్కోన్

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఏడో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఒక పాఠం ఉండేది. లండన్‌లో ఒక కుటుంబం సాయంత్రం నాలుగింటికి చుట్టాలను పిలిచి టీ ఇస్తుంది. అంతే కథ. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, కప్పు ఎలా పట్టుకున్నారు, ముందు ఏం తిన్నారు, తర్వాత ఏం తిన్నారు, ఇదే నాలుగు పేజీలు. తిన్నవాటిలో స్కోన్స్ అని ఒకటి ఉంది. బొమ్మ లేదు. మొవ్వ దగ్గర మా బడిలో ఉన్న ఒక్క డిక్షనరీలోనూ ఎస్ అక్షరం పేజీలు చెదలు తినేశాయి.

"స్కోన్ అంటే ఏంటి టీచర్?" అని ఒక అమ్మాయి లేచి అడిగింది.

నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ముందున్న ఎస్ తీసేసి చదువు" అన్నాను.

"కోన్" అంది.

"అదే. కోన్ ఆకారంలో ఉండే కేకు" అని సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గీశాను. పైన క్రీమ్ కూడా వేశాను.

తర్వాత పుస్తకాలు మారాయి. నాకూ బదిలీలయ్యాయి, మళ్ళీ తిరిగి ఆ బడికే వచ్చాను. ఏ ఊళ్ళో ఉన్నా, వాన పడి సగం మంది పిల్లలే వచ్చిన రోజున ఆ పాఠం చెప్పేదాన్ని. ప్రతిసారీ అదే బొమ్మ గీసేదాన్ని. చేతికి మంచి ఫోన్ వచ్చాక కూడా ఆ మాట వెతికి చూడలేదు. అనుమానం ఉంటే కదా వెతకడానికి.

నిరుడు రిటైరై గుడివాడలో ఉంటున్నాను. ఒక రోజు మా లెక్కల మేడం బందరు నుంచి ఫోన్ చేసింది. ఇద్దరం ఒకే బడిలో చాలాకాలం పనిచేశాం. స్టాఫ్ రూమ్‌లో పక్కపక్క కుర్చీలు. ఇన్నేళ్ళయినా ఒకరినొకరం అండీ అనుకోవడం మానలేదు.

"మేడం, మీ పాఠంలో టీ మన బెజవాడ వచ్చిందండీ" అంది. ఒక స్టార్ హోటల్లో మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా హై టీ ఇస్తారని ఫోన్‌లో చూసిందట. "వెళ్దామా? నాకేమీ తెలియదు. మీరుంటే ధైర్యం."

"అందులో తెలియకపోవడానికేముందండీ, అంతా నేను చూసుకుంటాను" అన్నాను. ఆ పూటే ఫోన్ చేసి శనివారానికి టేబుల్ చెప్పాను. ఇద్దరమూ శనివారం గుడ్డు కూడా తినం కాబట్టి ఆ సంగతీ చెప్పాను.

శనివారం నేను గుడివాడ నుంచి పామర్రు దాకా వచ్చి, సెంటర్‌లో బందరు బస్సు కోసం నిలబడ్డాను. ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది. పక్క సీటు మీద హ్యాండ్‌బ్యాగ్ పెట్టి కాపాడింది. నాది కంచిపట్టు, ఆవిడది గద్వాల. కండక్టర్‌కి ఆధార్ కార్డులు చూపించి ఉచిత టికెట్లు తీసుకున్నాం.

"ఫ్రీ బస్సులో పోయి స్టార్ హోటల్లో టీ తాగేది మనమేనేమో" అని ఆవిడ నవ్వింది. దారంతా నేను పాఠం చెబుతూనే ఉన్నాను. స్టాండులో మూడు ప్లేట్లుంటాయనీ, కింద నుంచి పైకి తినాలనీ, చెంచా కప్పుకి తగిలి చప్పుడు కాకూడదనీ.

హోటల్ తలుపు దగ్గర యూనిఫామ్‌లో ఉన్న అమ్మాయి మా చీరలు చూసి, "మ్యారేజ్ ఫంక్షన్ ఫస్ట్ ఫ్లోర్ అండీ" అంది.

"ఫంక్షన్‌కి కాదమ్మా, హై టీకి. మూడున్నరకి బుక్ చేశాం" అన్నాను. ఆ అమ్మాయి సారీ చెప్పి మమ్మల్ని అద్దాల పక్కన ఉన్న టేబుల్‌కి తీసుకెళ్ళింది. మాకు వడ్డించిందీ తనే. టీల పేర్లే ఒక పేజీ ఉన్నాయి. దార్జిలింగ్ చెప్పాను. లెక్కల మేడం కప్పులోకి చూసి, గొంతు తగ్గించి, "డికాక్షన్ సరిగ్గా దిగలేదేమోనండీ" అంది. "అలాగే ఉంటుందండీ" అన్నాను. ఆవిడ పాలు అడిగి పోయించుకుంది, పంచదార మూడు చెంచాలు వేసుకుంది, అప్పుడు హాయిగా తాగింది.

మూడంతస్తుల స్టాండు వచ్చింది. సరిగ్గా పాఠంలో చెప్పినట్టే ఉంది. నాకు ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి. కింద ప్లేటులో వేలెడు వెడల్పు సాండ్‌విచ్‌లు. పైన ప్లేటులో రంగురంగుల స్వీట్లు, వాటి మధ్య నిగనిగలాడుతూ రెండు కోన్‌లు, లోపల నిండా క్రీమ్. నేను గీసిన బొమ్మే.

"ఇదిగోండి స్కోన్!" అన్నాను, కాస్త గట్టిగానే. "ఇన్నేళ్ళు చెప్పాను, ఇవాళ చూస్తున్నాను."

టీ పోస్తున్న అమ్మాయి ఆగింది. "మేడం, అది క్రీమ్ హార్న్ అండీ. స్కోన్స్ మధ్య ప్లేట్‌లో ఉన్నాయి."

మధ్య ప్లేటులో ఉన్నవి పొట్టిగా, గుండ్రంగా, బన్నుముక్కల్లా ఉన్నాయి. వాటిని నేను చూడనేలేదు.

"నిజంగానా అమ్మా?"

"నిజమేనండీ. మధ్యకి విడదీసి జామ్, క్రీమ్ రాసుకుని తింటారు."

ఏళ్ళ తరబడి ఎంతమంది పిల్లలు నోట్‌బుక్కుల్లో ఆ కోన్ దించుకున్నారో! నేను వాటి కింద ఎర్ర సిరాతో గుడ్ అని కూడా రాశాను. లెక్కల మేడం ఒక స్కోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కోన్ అంటే శంకువు కదండీ, అది నా సబ్జెక్టు. ఇది స్థూపం" అంది. తర్వాత నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనిలా తప్పు చెప్తే పిల్లలకి జవాబు వచ్చేది కాదు. మీరు చెప్పిన తప్పుతో అందరూ పాసైపోయారండీ!"

నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. స్కోన్ విడదీసి తిన్నాను. తీపి తక్కువ, పొడిపొడిగా ఉంది, లోపల మెత్తన. బాగానే ఉంది. రెండోది తింటూండగా ఏం చెయ్యాలో నాకు తేలిపోయింది.

"అమ్మా, మిగిలిన రెండు స్కోన్‌లూ ప్యాక్ చేసిస్తావా?"

"హై టీలో పార్శిల్ ఇవ్వరండీ."

"తినడానిక్కాదు. నేను టీచర్ని. పిల్లలకి తప్పు చెప్పాను, తీసుకెళ్ళి చూపించాలి" అని జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఎవరితో మాట్లాడిందో, అట్టపెట్టెలో ఆరు స్కోన్‌లు తెచ్చి ఇచ్చింది.

సోమవారం పొద్దున బడికి వెళ్ళాను. నా దగ్గర ఆ పాఠం చివరగా విన్నవాళ్ళు ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నారు. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని క్లాసులోకి వెళ్ళి బోర్డు మీద మళ్ళీ ఆ కోన్ గీశాను. "ఇదేంటి?" అంటే అందరూ ఒక్క గొంతుతో "స్కోన్!" అన్నారు. దాన్ని అడ్డంగా కొట్టేశాను. పెట్టె తెరిచాను.

"నేను చెప్పింది తప్పు. తెలియనప్పుడు తెలియదని చెప్పి ఉండాల్సింది. స్కోన్ అంటే ఇదీ."

మూడో వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, అయితే మా అక్కకి కూడా తప్పే చెప్పారా?"

"చెప్పానమ్మా."

"మా అమ్మకి కూడా మీరే చెప్పారంట మేడం."

"అయితే ముగ్గురికీ చెప్పాను. ఇంటికెళ్ళి నువ్వే సరిదిద్దు."

అప్పుడు నవ్వులు మొదలయ్యాయి. ముక్కలు చేస్తే తలా చిటికెడు వచ్చింది. నా తర్వాత వచ్చిన ఇంగ్లీషు టీచరు కూడా ఒక ముక్క తిని, ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి వచ్చి పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడిస్తారా అని అడిగింది. వస్తానన్నాను. వెళ్తున్నాను కూడా.

ఆ సోమవారం సాయంత్రమే, క్లాసులో చెయ్యెత్తిన అమ్మాయి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "మేడం గారూ, బాగున్నారా? మా అమ్మాయి బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి నాకు ఇంగ్లీషు రాదని దబాయిస్తోందండీ. స్కోన్ అంటే కోన్ కాదంట. మీరే చెప్పండి, ఎవరిది రైటు?"

"మీ అమ్మాయిదేనమ్మా" అన్నాను.

"అయితే సరేలెండి" అంది ఆవిడ. "ఇంతకీ రుచి ఎలా ఉందండీ?"